చెక్కు మీద గునుగు

2024 సెప్టెంబర్ 3, మంగళవారం. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి వాచ్‌మన్ ఒక కొరియర్ కవరు చేతికిచ్చాడు. లోపల పది వేల రూపాయల చెక్కు. కథల పోటీలో నాకు రెండో బహుమతి. పేరు రాసేచోట ఒకే ఒక్క మాట ఉంది: "గునుగు". ఎడమ మూల రెండు గీతలు, మధ్యలో అకౌంట్ పేయీ అన్న ముద్ర.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. పదకొండేళ్లుగా పేరు కలవని బిల్లుల్ని తిప్పి పంపడమే నా పని. "ఆధార్‌లో ఎట్లుందో అట్లా రాయించుకుని రండి" అని ఎంతమందితో అన్నానో లెక్కలేదు. చెక్కు చూడగానే ఆ మాటే గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వు మర్నాడు బ్యాంకులో పోయింది.

అప్పటినుంచి ఇప్పటిదాకా, అంటే ఏడాదిన్నర, ఈ కలం పేరుతో నేను పడ్డవన్నీ రాస్తున్నాను. పుస్తకం వేద్దామనుకుంటున్న ఇద్దరు స్నేహితులు అడిగారు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతున్నాను.

గునుగు అంటే తెలియనివాళ్లకి: చేలల్లో, గట్ల మీద దానంతటదే మొలిచే కలుపు మొక్క. తెల్లగా, కొసన కొంచెం గులాబీ రంగుతో కంకిలాంటి పువ్వు. కూలి పెట్టి మరీ పీకిస్తారు. బతుకమ్మ వచ్చిందంటే మాత్రం దానికోసమే చేలెంట తిరుగుతారు, కొసలు రంగుల్లో ముంచి పేరుస్తారు. 2022 జూలైలో మొదటి కథ ఒక ఆదివారం అనుబంధానికి పంపేటప్పుడు, రచయిత పేరు దగ్గర ఏం రాయాలో తోచక పది నిమిషాలు కూర్చుని ఇది రాశాను. పెద్దగా ఆలోచించిందేమీ లేదు. ఆడో మగో తెలియకుండా ఉంటుంది, ఇంటిపేరు బయటపడదు. అంతే నాక్కావాల్సింది.

ఎందుకు దాచుకోవాల్సొచ్చిందో కూడా చెప్పాలి. ఆ మొదటి కథ మా ఇంటిదే. 1998లో మా బాపు, చిన్నబాపు భూమి పంచుకునేటప్పుడు మా మేనత్తని పిలిచి, భోజనం పెట్టి, చీర పెట్టి, తనకు భూమిలో పాలు వద్దని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. నాకు అప్పుడు పన్నెండేళ్లు. వాకిట్లో ఆడుకుంటూ చూశాను. కథలో ఊరు పేరు మార్చాను, అన్నదమ్ములిద్దర్ని ముగ్గుర్ని చేశాను. ఎన్ని మార్చినా, కింద నా పేరుంటే హుజూరాబాద్ పక్కన మా ఊళ్లో చదివిన మొదటి మనిషికే తెలిసిపోతుంది.

కథలు పంపేటప్పుడు కలం పేరుకి అడ్డేమీ లేదు. కథ నాదేనని రాసిచ్చే హామీ పత్రంలో అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాయాలి. అది ఎడిటర్ దగ్గరే ఉండిపోతుంది, అచ్చులో కలం పేరే వస్తుంది. రెండేళ్లలో ఆరు కథలు అలాగే వచ్చాయి. రెండింటికి పారితోషికం నేరుగా అకౌంట్‌లో పడింది, ఎందుకంటే వాళ్లు ముందే పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో అడిగారు. అందుకే ఈ పోటీ దగ్గర ఏమరుపాటున ఉన్నాను. వాళ్లు బ్యాంకు వివరాలు అడగలేదు, నేను ఇవ్వలేదు. చెక్కు రాసినాయన కథ పైన ఉన్న పేరు చూసి రాసేశాడు.

బ్యాంకులో కౌంటర్ అమ్మాయి చెక్కు అటూ ఇటూ తిప్పింది. "మేడమ్, గునుగు ఎవరు?"

"నేనే."

ఆమె నా పాస్‌బుక్ చూసింది, నన్ను చూసింది. మేనేజర్ దగ్గరికి పంపింది. ఆయన మర్యాదస్తుడు, కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు. అకౌంట్ పేయీ కాబట్టి ఆ పేరుతో అకౌంట్ ఉంటేనే పడుతుంది, ఆ పేరుతో అకౌంట్ తెరవాలంటే ఆ పేరుతో గుర్తింపు కార్డు ఉండాలి, అన్నాడు. నాకు తెలియనిదేం కాదు. వినాల్సి రావడమే కొత్త.

బయట మెట్ల మీద నిలబడి, మరి పెద్దవాళ్లంతా ఏం చేశారబ్బా అనుకున్నాను. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. బీనాదేవి పేరు వెనక భార్యాభర్తలిద్దరు. పురాణం సీత అంటే పురాణం సుబ్రహ్మణ్యశర్మ. తెనాలిలో హోటల్లో పనిచేస్తూ 'శారద' పేరుతో రాసిన నటరాజన్ మాతృభాష తమిళం. వీళ్ల పారితోషికాలు ఏ పేరు మీద వచ్చేవి? కాలనీలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన్ని అడిగితే నవ్వాడు. "మా రోజుల్లో మనియార్డర్లమ్మా. పోస్ట్‌మన్‌కి మనిషి తెలుసు. ఏ పేరుతో వచ్చినా సంతకం పెట్టించుకుని చేతిలో పెట్టేవాడు." ఇప్పుడు మనిషి తెలిసిన పోస్ట్‌మన్ లేడు, పేరు తెలిసిన కంప్యూటర్ ఉంది.

పోటీ పెట్టిన సంస్థ వాళ్లకి ఫోన్ చేశాను. కొత్త చెక్కు ఇస్తాం గానీ ఆ పేరు నాదేనని రుజువు కావాలన్నారు. రుజువు అంటే నోటరీ అఫిడవిట్, పాన్ కార్డు కాపీ, క్యాన్సిల్ చేసిన చెక్కు, పాత చెక్కు వాపసు, అంతకుముందు ఆ పేరుతో వచ్చిన కథల జిరాక్సులు. కోర్టు బయట గొడుగు కింద కంప్యూటర్ పెట్టుకున్న టైపిస్టు దగ్గరికి వెళ్లాను. వంద రూపాయల స్టాంపు పేపరు నూట ఇరవైకి ఇచ్చాడు. టైపు చేస్తూ చేస్తూ ఆగాడు.

"గునుగు అంటే ముద్దుపేరా మేడమ్?"

"కలం పేరు."

"అట్లయితే అలియాస్ అని కొడుతున్న," అన్నాడు. అచ్చం పేపర్లో దొంగల పేర్ల పక్కన వచ్చినట్టు, నా పేరు, అలియాస్, గునుగు. నోటరీకి రెండు వందలు. మొత్తం మూడు వందల ఇరవై రూపాయల్లో నేనూ గునుగూ ఒకటేనని తేలింది. ఆ కాగితం ఐదు జిరాక్సులు తీయించి పెట్టుకున్నాను; అది నేను చేసిన తెలివైన పని. తర్వాత నాలుగు వాడాను.

ఇక ఎదురుచూపు. చెక్కు మీద ఇద్దరు సంతకాలు పెట్టాలట, అందులో ఒకాయన కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లాడట. వారానికోసారి ఫోన్ చేశాను, తర్వాత సిగ్గేసి పది రోజులకోసారి చేశాను. బహుమతి డబ్బు కోసం అప్పు వసూలు చేసినట్టు అడగడం ఎంత చిన్నతనంగా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. కొత్త చెక్కు నవంబర్ 18న వచ్చింది. మొదటి చెక్కు నుంచి డెబ్బై ఆరు రోజులు. కవరు విప్పగానే ముందు అంకె చూడలేదు, పేరు చూశాను.

ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటే: పోటీకి కథ పంపేటప్పుడే హామీ పత్రం అడుగున "బహుమతి/పారితోషికం ఈ పేరు మీద ఇవ్వగలరు" అని బ్యాంకులో ఉన్న స్పెల్లింగుతో రాసేయండి. వాళ్లు అడగకపోయినా సరే.

పుస్తకం ఆలోచన 2025 జనవరిలో మా ఆయనది. అప్పటికి పద్నాలుగు కథలున్నాయి. పది వేలు ఖర్చుపెట్టకుండా పక్కన పెట్టాను. "దానికి ఇంకో ఇరవై వేలు నేను కలుపుతా, వేసేయ్" అన్నాడు. ప్రచురణకర్తలు ఇద్దరికి పంపాను. ఒకరు జవాబే ఇవ్వలేదు. రెండోవారు కథలు బాగున్నాయన్నారు, కానీ రచయిత ఫోటో లేకుండా, సభకి రాకుండా పుస్తకం అమ్ముడుపోదన్నారు. "ఈ రోజుల్లో ముఖం కావాలమ్మా" అన్నారు. ఆయన అన్నది తప్పు కాదు. కానీ నేను ముఖం ఇచ్చే స్థితిలో లేను. అందుకే సొంతంగా వేశాను.

డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టించడం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా ప్రాణం తీసింది అదే. కథలన్నీ నేను ఫోన్లో, యూనికోడ్‌లో టైపు చేసుకున్నాను. షాపులో ఉన్నవి పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు. ఒకదాన్నుంచి ఒకదానిలోకి మార్చేసరికి వత్తులు చెదిరాయి, పొల్లులు పోయాయి, కొన్నిచోట్ల వాక్యాలే ముక్కలయ్యాయి. పేజీకి ముప్పై రూపాయలు, నూట అరవై ఎనిమిది పేజీలు, 5,040 రూపాయలు. మొదటి ప్రూఫు మార్చి 22న వచ్చింది. తెరిచి చూస్తే ప్రతి సరి సంఖ్య పేజీ పైనా రచయిత పేరు "గొణుగు" అని ఉంది.

ఆపరేటర్ కుర్రాడిది కోస్తా వైపు. గునుగు అనే మాట అతనెప్పుడూ వినలేదు. నేనే తప్పు కొట్టానేమోనని సాయం చేశాడు పాపం. "గొణుగు కదండీ మేడమ్? సణుగుడు గొణుగుడు?" అన్నాడు. కాదు నాయనా, పువ్వు, అని ఫోన్లో ఫోటో చూపించాను. అతను వెంటనే "ఓకే, ఒక్క నిమిషం" అని మొత్తం ఫైలులో గొణుగు ఉన్నచోటల్లా గునుగు పెట్టేశాడు. ఒకే దెబ్బకి. నేను చాయ్ తాగుతూ చూసి సంతోషపడ్డాను.

రెండో ప్రూఫులో తెలిసింది ఆ ఒకే దెబ్బ ఏం చేసిందో. నా కథల్లో మగవాళ్లు తెగ గొణుగుతారట, నాకే తెలియదు. "ఆయన తనలో తాను గునుగుకుంటూ లేచాడు." "ఏంటా గునుగుడు అంది ఆమె." పదకొండు చోట్ల. రాత్రి పన్నెండింటికి డైనింగ్ టేబుల్ మీద ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటే దిద్దుతూ, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. మా పాప లేచొచ్చి ఏమైందమ్మా అని భయపడింది. పన్నెండోది నా కంటికి తప్పించుకుంది. అది 113వ పేజీలో, నేను మొదట రాసిన ఆ మేనత్త కథలోనే, చీర పెట్టే సన్నివేశంలో ఉంది. అచ్చయ్యాక దొరికింది.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, దానికి మన దేశంలో ఫీజు లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో మనమే పెట్టుకోవచ్చు. ఇది తెలియకముందు ఒకాయన రెండు వేలు అడిగాడు, నేను ఇవ్వబోయాను కూడా. రచయితే ప్రచురణకర్త అయితే ఆ వివరాలతో రిజిస్టర్ కావాలి, గుర్తింపు కార్డు పెట్టాలి. కార్డు మీద నా పేరు, పుస్తకం అట్ట మీద గునుగు. మళ్లీ అఫిడవిట్ జిరాక్సు జతచేశాను. ఇరవై మూడు రోజులకి నంబరు మెయిల్‌కి వచ్చింది. అది చూసుకున్న క్షణం మాత్రం ప్రైజు కన్నా ఎక్కువ ఆనందం. ఎందుకో చెప్పలేను, పదమూడు అంకెలే.

తర్వాత కాపీరైట్ పేజీ. © గుర్తు పక్కన ఎవరి పేరు? ఇది చిన్న ప్రశ్న అనుకున్నాను. కింది ఫ్లాట్‌లో ఉండే అడ్వకేట్ అక్కని అడిగితే, ఆమె 1957 చట్టం తీసి సెక్షన్ 23 చదివి చెప్పింది. అసలు పేరుతో రాస్తే హక్కు బతికున్నంత కాలం, ఆ పైన అరవై ఏళ్లు ఉంటుంది. కలం పేరుతో వేసి, రచయిత ఎవరో బయటపడకపోతే, పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది మొదలు నుంచి లెక్కపెట్టి అరవై ఏళ్లే. ఈలోగా ఎవరో బయటపెడితే మళ్లీ మొదటి లెక్కే వర్తిస్తుంది. "నీ వయసు ముప్పై తొమ్మిది. నువ్వు ఎనభై దాకా ఉంటే, దాచుకున్నందుకు నీ బిడ్డకి నలభై ఏళ్ల హక్కు పోతుంది" అంది. నా కథల మీద ఇన్నేళ్ల తర్వాత ఎవరికి ఏం వస్తుందక్కా అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

రిజిస్ట్రేషన్ చేయిద్దామా అన్నాను. సాహిత్య రచనకి ఐదు వందల ఫీజు, తప్పనిసరి కాదు, హక్కు రాయగానే పుడుతుంది. అప్లికేషన్ పెట్టాక ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పడానికి ముప్పై రోజులు ఆగుతారు. అక్కడిదాకా బాగానే ఉంది. "కానీ ఆ రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు, చట్టమే చూడనిస్తుంది" అని అక్క అనగానే ఆ ఆలోచన మానుకున్నాను. © గునుగు అనే వేయించాను. సరైన నిర్ణయమా అంటే, ఆ రోజుకి సరైనదే.

ప్రెస్సులో ఇంకో చిక్కు. ప్రతులకు ఎక్కడ సంప్రదించాలో రాయాలి కదా. ఇంటి చిరునామా వేయలేను. పాప పేరులో మొదటి అక్షరాలతో ఒక ప్రచురణల పేరు పెట్టుకున్నాం, రెండో సిమ్ తీసుకున్నాం. సిమ్ నా ఆధార్ మీదే. కానీ నంబరు కొడితే పేరు చూపించే యాప్‌లుంటాయి కదా, వాటిలో నా పేరు రాకూడదని ఆ నంబరు తెలిసినవాళ్లెవరికీ ఇవ్వలేదు, ఆ సిమ్ నుంచి ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇంత జాగ్రత్త పడ్డ మనిషిని, చివరికి ఎక్కడ దొరికానో చూడండి.

మూడు వందల కాపీలు, 1/8 డెమ్మీ సైజు, అచ్చుకి 22,500 రూపాయలు. కవర్ డిజైన్‌కి నాలుగు వేలు. డీటీపీతో కలిపి 31,540. వెల 180 పెట్టాం. పుస్తకాల షాపు నలభై శాతం తీసుకుంటుంది, మనకి 108 వస్తుంది, అది కూడా అమ్మాక, అడిగాక. నవంబర్ 10న అట్టపెట్టెలు ఇంటికొచ్చాయి. దివాన్ కాట్ కింద పెట్టాం. ఆ రాత్రి నేను రెండుసార్లు లేచి లైటేసి చూశాను.

పోస్టు ఖర్చు భయపెట్టింది గానీ, 2025 మేలో తపాలా శాఖ పుస్తకాల కోసం తెచ్చిన జ్ఞాన్ పోస్ట్ ఆదుకుంది. మూడు వందల గ్రాముల లోపు ఇరవై రూపాయల శ్లాబు. మా పుస్తకం రెండు వందల పది గ్రాములు. పుస్తకం మీద ప్రింటర్ పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, అది చూసుకోండి. పంపినవారి పేరు దగ్గర ప్రచురణల పేరు రాశాను, కౌంటర్‌లో ఏమీ అనలేదు.

డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన. నలుగురం రచయితలం కలిసి ఒక స్టాల్‌లో చోటు తీసుకున్నాం. నాతోపాటు ఉన్న ముగ్గురికీ నేనెవరో తెలుసు, ఒట్టేయించుకున్నాను. మిగతా అందరికీ నేను గునుగు గారి పుస్తకాలు అమ్మిపెట్టే మనిషిని.

ఆ వేషం నాకు భలే నచ్చింది. నా పుస్తకం గురించి నా ముందే జనం మాట్లాడుకుంటుంటే వినడం ఎంత బాగుంటుందో, ఎంత టెన్షనో. ఒక పెద్దాయన నిలబడే ఒక కథ సగం చదివేశాడు. "ఈయన ఎవరోగానీ ఆడవాళ్ల మనసు బాగా పట్టుకున్నాడమ్మా. ఏం చేస్తుంటాడు?" అన్నాడు. "ఎక్కడో ఉద్యోగమంటండి" అన్నాను. "అంతేలే, మగవాడు రాస్తేనే ఈ నిదానం వస్తుంది" అని కొని వెళ్లిపోయాడు. నూట ఎనభై రూపాయలూ నగదే ఇచ్చాడు. ఆయన్ని ఏమనడానికీ మనసొప్పలేదు.

21వ తేదీ, ఆదివారం. విపరీతమైన రద్దీ. ఇరవై రెండేళ్ల కుర్రాడు పుస్తకం తీసుకుని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాడు. స్కాన్ చేసి, ఫోన్ వైపు చూసి, నా వైపు చూశాడు.

యూపీఐలో డబ్బు కట్టేముందు బ్యాంకులో ఉన్న పేరు పైన కనబడుతుంది. నేను రోజుకి ఇరవైసార్లు కడతాను, ఎన్నోసార్లు ఎదుటివాళ్ల పేరు చూసి "సరే, వీళ్లే" అనుకుంటాను. నా స్టాండు మీద నా సొంత అకౌంట్ కోడ్ అతికించేటప్పుడు మాత్రం ఆ సంగతి బుర్రలోకి రాలేదు. మూడు రోజులుగా అందరికీ అది కనబడుతూనే ఉంది. కనబడినవాళ్లకి ఆ పేరుతో పనిలేదు, అంతే. ఈ కుర్రాడికి పనుంది. మా ఇంటిపేరు అరుదైనది.

"అక్కా, మీది హుజూరాబాద్ దిక్కేనా?" అన్నాడు. మా పక్కూరి పిల్లాడు. వాళ్లమ్మ, మా చిన్నబాపు కోడలు ఒక్కూరి వాళ్లు. నేను తల ఊపాను. అతను పుస్తకం వెనకట్ట చదివాడు, మళ్లీ నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. "మా అమ్మకి చూపిస్తా" అని వెళ్లిపోయాడు. నా చేతులు చల్లబడ్డాయి.

ఇంటికొచ్చాక మా ఆయన ధైర్యం చెప్పాడు. హ్యారీ పాటర్ రాసిన రౌలింగ్ 2013లో మగ పేరుతో డిటెక్టివ్ నవల వేస్తే ఏప్రిల్ నుంచి జూలై దాకే దాగింది, ఆమె లాయర్ల ఆఫీసు నుంచే పొక్కింది, నువ్వెంత, అన్నాడు. ఇటలీ రచయిత్రి ఎలెనా ఫెరాంటే అసలు మనిషి ఫలానా అని 2016లో ఒక విలేఖరి రాసింది కూడా డబ్బు చెల్లింపుల, ఇళ్ల కొనుగోళ్ల లెక్కలు పట్టుకునే. పేరు దాచుకోవచ్చు, అకౌంట్ దాచుకోలేం. అకౌంట్స్ మనిషినై ఉండి నాకు తట్టకపోవడమే నాకు మంట. మీరు మాత్రం స్టాల్ పెడితే పక్కవాళ్ల కోడ్ పెట్టండి, రాత్రికి లెక్క చూసుకోండి.

సరిగ్గా తొమ్మిదో రోజు, డిసెంబర్ 30న, చిన్నబాపు కొడుకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "అక్కా, గిట్ల రాసేముందు ఒక్కమాట అడగొచ్చు కదా" అన్నాడు. అడిగితే రాయనిస్తారా అని నేను అడగలేదు. బాపు ఫోన్ చేయలేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి చేసే మనిషి. నేను చేస్తే అమ్మ ఎత్తి, పొలం పోయిండనో, పడుకున్నడనో చెప్పింది. సంక్రాంతికి వెళ్లాను. కూర్చోపెట్టి పేలాలు, సకినాలు పెట్టారు. పుస్తకం మాట ఎవరూ ఎత్తలేదు. దేవుడి గూడు పక్కన పాత పంచాంగాల మీద మా పుస్తకం కనబడింది. మధ్యలో ఎక్కడో బీడీ కట్ట కాగితం గుర్తుగా పెట్టి ఉంది. బాపు చదువుతున్నాడన్నమాట. ఎక్కడిదాకా వచ్చాడో తీసి చూసే ధైర్యం రాలేదు.

ఫిబ్రవరి 8న, ఆదివారం, ఉండబట్టలేక మేనత్త దగ్గరికి వెళ్లాను. హుజూరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. డెబ్బై ఒకటి. చదువు రాదు. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్లాను. క్షమాపణ అడగాలా, చెప్పకుండా రాసినందుకా, రాసి దాచినందుకా. గడపలోకి అడుగుపెట్టగానే ఆమే అంది: "గునుగు వచ్చింది రా" అని మనవడిని కేకేసింది. పుస్తకం అప్పటికే ఇంట్లో ఉంది. తొమ్మిదో తరగతి మనవడు కథంతా రెండుసార్లు చదివి వినిపించాడట.

చాయ్ ఇచ్చింది. మనవడిని మళ్లీ చదవమంది, నా ముందు. వాడు ఎక్కాలు చెప్పినట్టు గబగబా చదువుతున్నాడు. 113వ పేజీ వచ్చింది. "పెద్దన్న తలొంచుకుని ఏదో గునుగుకున్నాడు," అని చదివాడు.

"ఏందీ?" అంది అత్త.

వాడు మళ్లీ చదివాడు. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా అన్న గునుగుడేందే, పువ్వా వాడు?" నేను అచ్చుతప్పని చెప్పాను. దిద్దుకుంటూ వస్తున్నానని, ఇంకా తొంభై కాపీలున్నాయని చెప్పాను. అదేమీ ఆమెకి పట్టలేదు. వాడు పేజీ తిప్పాడు. చెల్లెలు చీర ఒళ్లో పెట్టుకుని, వేలికంటిన సిరా చూసుకుంటూ ఏడ్చింది, అని నేను రాసిన వాక్యం. చదివినవాళ్లలో చాలామంది మెచ్చుకున్న వాక్యం అది. అత్త చెయ్యెత్తి వాణ్ణి ఆపింది.

"గిది అబద్ధం బిడ్డా."

నేను మాట్లాడలేదు.

"నేనేడ ఏడ్సిన? ఏడ్వలే. ఆ చీర తేలే. మీ ఇంట్ల అర్ర గడప మీదనే పెట్టి వచ్చిన. ఆకుపచ్చది, ఎర్రంచు." చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "తెల్లారి పండక్కి మీ అమ్మ కట్టుకుంది. పో, అడుగు."